గురువారం అమ్మమ్మ

శ్రీకాంత్ విడుదలకు బోర్డు మూడోసారి కూడా ఒప్పుకోలేదు.

చదువు చెప్పే కౌసల్యమ్మ బాలుర హోమ్‌కు వచ్చేసరికి వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఇంద్రేశం నుంచి రెండు ఆటోలు మారి వచ్చింది. వాడికిష్టమని సర్వపిండి చేసి తెచ్చింది. డబ్బా మూత తీసినా వాడు తిరగలేదు.

“తిను బిడ్డా. చల్లారితే గట్టిపడతది.”

“నేనొస్తనని మా అమ్మ ఇస్నాపూర్ల కొత్త చాప కొన్నదంట. మొన్న చుట్టి పక్కకు పెట్టిందంట.” “లేత్ షాపు నాగయ్య సేటు ఈ నెలదాకనే ఆగుతనన్నడు. ఇగ పనికి వేరేటోన్ని పెట్టుకుంటడు.”

పదిహేడేళ్ళవాడు. మూతపడిన ఫ్యాక్టరీలో రాగితీగ కోస్తూ దొరికాడు. వచ్చినప్పుడు సంతకం పెట్టడం రాదు. ఏడాదిన్నరగా ప్రతి గురువారం ఆమె పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాడు. ఇప్పుడు పేపరు చదివి మిగతా పిల్లలకు వినిపిస్తాడు.

వరండాలో సూపరింటెండెంట్ జైపాల్ కనబడగానే వాడు లేచాడు.

“సార్, నా మీద ఎవలు రాస్తున్నరు?”

“నీ నడవడి గురించి బోర్డుకు కాగితం పోతది. రాసేదెవరో పిల్లలకు చెప్పం. రూలు.”

“మీరే రాస్తున్నరు. నాకెరుకే.”

జైపాల్ ఇద్దరివైపూ చూశాడు. కౌసల్యమ్మకు తలూపి ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు.

“పెద్దసారును గట్ల అనొద్దు,” కౌసల్యమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “ఇంకో మూడు నెలలకు బోర్డు మల్ల చూస్తది. నేనున్న గద.”

“నువ్వు లేకుంటే పిచ్చోన్నయితుంటి అమ్మమ్మా.”

“బయటికి పోయినంక యాదికుంటనా?”

“గదేం మాట. ప్రతి గురువారం మీ ఇంటికే వస్త. సర్వపిండి ఎవలు చేసి పెడతరు మరి?”

ఆమె నవ్వింది. వీడికంటే ముందు నలుగురికి చదువు నేర్పింది. అందరూ ఇదే మాట చెప్పి గేటు దాటారు. ఒక్కరూ ఫోన్ చేయలేదు.

వాడు సర్వపిండి తుంచి మొదటి ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి కౌసల్యమ్మ డబ్బా కడిగి బోర్లించింది. కళ్ళజోడు పెట్టుకుంది. శ్రీకాంత్ నడవడి గురించి రాయమని హోమ్ వాళ్ళు ఇచ్చిన ఫారాల్లో నాలుగోది తీసి, ముందు మూడింటిలో రాసినట్టే గుండ్రటి అక్షరాలతో రాసింది: “ఈ పిల్లవాడిలో ఇంకా మార్పు రాలేదు, బయటికి పంపవద్దు.”