సెటిల్‌మెంట్ వద్దండి

"సెటిల్‌మెంట్ వద్దండి. మొత్తం కట్టేస్తాను," అంది సాయిదుర్గ, నోట్ల కట్టలు బల్ల మీద పెడుతూ.

నరసాపురం బ్యాంకు మేనేజరు ఆమెను వింతగా చూశాడు. ఇంకా మిగిలిన మొండి బాకీ లక్షా ఎనభై వేలు. తొంభై వేలు కడితే మిగతాది వదిలేస్తామని బ్యాంకే ముందుకొచ్చింది. పక్కనున్న మొగుడు గణేష్‌బాబు ఆమె మోచేతిని పొడిచి, సగం మిగుల్తుంది కదే అని గొణిగాడు.

"మీరు మాట్లాడకండి," అంది.

అసలు మాట్లాడటానికి మొహమేదీ? రొయ్యల చెరువుకని ఇద్దరి పేర్ల మీదా ఆరు లక్షలు తీసుకుని, క్రికెట్ పందేల్లో తగలేసిన మహానుభావుడు! రికవరీ వాళ్లు ఆమె టిఫిన్ బండి దగ్గరికొచ్చి, ఇడ్లీ తినేవాళ్ల ముందు నానా మాటలూ అంటుంటే ఈయనగారు ఇంట్లో గడియ పెట్టుకుని పడుకునేవాడు. బండి తీసేసి చిన్న హోటల్ పెట్టుకోవాలని ఆమె ఆశ. సిబిల్ స్కోరు చూసి ఒక్క బ్యాంకూ అప్పివ్వలేదు. తిన్నది ఆయన, దొంగ ఆమె! నాలుగేళ్లు పొయ్యి దగ్గర ఒళ్లు మండించుకుని, చీటీలు పాడుకుని, పళ్లు నూరుకుంటూ కట్టింది.

సగం కట్టి సెటిల్ చేసుకుంటే ఆ మాట రికార్డులో ఏళ్ల తరబడి ఉంటుందని, ఇద్దరి పేర్లకీ మచ్చేనని మేనేజరు ఒప్పుకున్నాడు.

"అందుకే వద్దన్నాను," అంది సాయిదుర్గ.

బాకీ లేదని కాగితం ఇస్తూ, ఇలాంటి ఇల్లాలు దొరకడం మీ అదృష్టమని మేనేజరు గణేష్‌బాబును మెచ్చుకున్నాడు. సిగ్గులేని మనిషి, పొంగిపోయాడు. అత్తగారు అచ్చాయమ్మ, నా కొడుకు పరువు కోడలే నిలబెట్టిందని వీధంతా చెప్పుకొచ్చింది.

ఆరు నెలలకి స్కోరు ఏడొందలు దాటింది. ఆ సాయంత్రమే గణేష్‌బాబు కొత్త అప్లికేషన్‌తో ఊడిపడ్డాడు. మళ్లీ చెరువు తీసుకుంటాడట. పది లక్షలట. ఇద్దరి పేర్ల మీదా అయితే తేలిగ్గా వస్తుందట. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీ ఒక్కరి పేరు మీదే తీసుకోండి," అంది.

"అదేంటే? నా మీద నమ్మకం లేకపోతే సగంతో పోయేదాన్ని మొత్తం ఎందుకు కట్టావు? నా కోసమేగా?"

"మీ పేరూ నా పేరూ కలిసున్న అప్పు ఒక్క రూపాయి కూడా మిగలకూడదని కట్టాను."

"అదే నేనూ అంటున్నాను. మొగుడూ పెళ్లాలం, ఇప్పుడు మనకి అడ్డేముంది?"

"నిన్ననే విడాకులకి వేశానండి."