ఏడో నంబరు పేజీ

"ఏడో నంబరు కాయితం ఓసారి సూపించమ్మా."

శాలువా కప్పుకుని వచ్చిన ఆ ముసలాయన ఎవరో నందితకి తెలీదు. ఆయన అడగడం ఇది మూడోసారి.

"అవ్వలేదు తాతా. కూర్చో," అంది నందిత విసుగ్గా.

ఆదిత్యపూర్‌లోని ఆ చిన్న ఆఫీసులో ఫ్యాక్టరీ యంత్రాల్ని ఎలా నడపాలో చెప్పే పుస్తకాలు తయారుచేస్తారు. ఇప్పుడు ఇనప రేకులు నొక్కే ఏడు ప్రెస్సులకు ఏడు పేజీలు. జాగ్రత్తలన్నీ కంప్యూటర్లో ఒకే ఫైల్లో ఉంటాయి. ప్రతి పేజీ ఆ ఫైల్ని పిలిచి తనలో కలుపుకోవాలి. ఏ యంత్రం పేజీ పిలిస్తే ఆ యంత్రం తట్టుకునే ఒత్తిడి అంకె రావాలి.

పొద్దుటి నుంచీ ఏడింట్లోనూ ఒకటో నంబరు యంత్రం అంకే వస్తోంది.

"అది సరయ్యేదాకా కదలొద్దు," అనేసి మేనేజరు గౌరీశంకర్ బయటికెళ్లాడు. ఇంట్లో నందిత పాప మైత్రికి జ్వరం. పక్కింటావిడ రెండుసార్లు ఫోన్ చేసింది.

తలుపు తెరిచే ఉంది. అయినా నందిత లేవడానికి లేదు.

ముసలాయన వెళ్లి టీ తెచ్చాడు. శాలువాలోంచి ఎడంచేయి చాచి గ్లాసు అందించాడు.

ఎడంచేత్తోనా!

"అక్కడ పెట్టు," అంది ముఖం తిప్పుకుని.

"ఏటమ్మా, ఏటి గడ్‌బడ్?"

"ఎన్నిసార్లు పిలిచినా ఒకటో నంబరుదే తెస్తోంది."

"చీటీ ఇచ్చి పంపినావేటి?"

"చీటీ ఏంటి?"

"మా ఇంటిది సాక్చి బజారుకి పంపితే చీటీ రాసిచ్చేది. ఇవ్వకపోతే నాను నిన్నటి సరుకే మల్లా మోసుకొచ్చేవోణ్ణి. మల్లీ తిట్లు నాకే!"

నందిత నవ్వలేదు. "నన్ను పని చేసుకోనీ తాతా."

"అలాగేనమ్మా. నా బండి టయిమైపోనాది. ఊరెల్లిపోతన్నాను, మరి రాను. ఏడోది ముసలి మిషను, ఒకటోదానంత ఒత్తిడికి ఆగదు. జాగర్త."

ఆయన వెళ్లిన కాసేపటికి నందిత చేయి కీబోర్డు మీదే ఆగిపోయింది.

చీటీ!

పేజీలు ఫైల్ని పిలుస్తున్నాయి గానీ, తమది ఏ యంత్రమో చెప్పి పిలవడం లేదు. అందుకే ఫైల్ మొదట ఉన్న అంకెనే అన్నిటికీ పంచుతోంది. నందిత ప్రతి పిలుపుకీ యంత్రం నంబరు జోడించింది.

ఏడో పేజీలో ఏడో నంబరు అంకె వచ్చింది.

బ్యాగు భుజాన వేసుకుంటుండగా గౌరీశంకర్ వచ్చాడు.

"అసిరయ్యగారు వచ్చి ఏడో పేజీ చూశారా? ఆయన సరేనన్నాకే అచ్చుకి పంపాలి. పొద్దున మీకు చెప్పడం మర్చిపోయాను."

"శాలువా తాతా? ట్రైనుకెళ్లిపోయాడు. ఎవరాయన?"

గౌరీశంకర్ చల్లారిన టీ గ్లాసు పక్కకి జరిపాడు.

"పాత పుస్తకంలో ఏడో పేజీలో ఒకటో నంబరు అంకె పడింది నందితగారూ. అది నమ్మి మిషను నడిపి, కుడిచేయి పోగొట్టుకున్నది ఆయనే."