చాటుగోడ

"నాలుగు వైపులా అద్దాలే పెట్టండి," అన్నాడు జూ డైరెక్టర్. "టిక్కెట్టు కొన్నవాడికి ఎలుగుబంటి కనిపించి తీరాలి. కనిపించకపోతే తిన్నగా నా గదిలోకొచ్చి నన్ను చూసి పోతున్నాడు."

డిజైనర్ నవ్వలేదు. అట్టముక్కలతో చేసిన నమూనా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక బుల్లి గోడను వేలితో కాస్త జరిపింది.

"ఓ మూల చాటు ఉండాలి సార్. దాక్కోవడానికి చోటుందన్న నమ్మకం కుదిరితే అదే బయటికొస్తుంది. లేదంటే గోడవైపు తిరిగి పడుకుంటుంది. అప్పుడు మీ అద్దాల్లోంచి కనిపించేది వీపే."

"వస్తుందని గ్యారంటీ ఏంటమ్మా?"

"రానివ్వండి, నిరూపిస్తాను."

"వచ్చే నెలాఖరు దాకా చూస్తా. ఆ తర్వాత అద్దాలకి ఆర్డరిచ్చేస్తా. ఇక చాటూ లేదు, మాటూ లేదు."

వచ్చేది తల్లిని పోగొట్టుకున్న ఎలుగు పిల్ల. వేరే ఊరి జూ నుంచి ఒకటో తారీఖున దిగుతుందని కబురు. కొన్నాళ్లు వెనకవైపు షెడ్డులో ఉంచుతారు. కీపర్ తప్ప ఆ ఛాయలకు ఎవరూ వెళ్లకూడదని డిజైనరే షరతు పెట్టింది. డైరెక్టర్‌ని కూడా వెళ్లనివ్వలేదు. నియమం పెట్టిన పాపానికి తనూ వెళ్లలేదు.

ఒకటో తారీఖు దాటింది. క్యాంటీన్ మెట్ల దగ్గర కీపర్‌ని పట్టుకుంది. పిల్లాజెల్లా లేని మనిషి. మూగజీవాలను కన్నబిడ్డల్లా చూస్తాడని పేరు.

"కొత్తగా వచ్చింది ఎలా ఉంది?"

కీపర్ మొహం విప్పారింది. "మీ దాకా వచ్చిందాండీ?"

"నా దాకా రాకుండా ఎలా ఉంటుంది! తింటోందా?"

"ఏం తినడమండీ. మూలకి దూరి కూర్చుంటోంది. అరటిపండు పెట్టి నేను అటు తిరిగితేనే ముట్టుకుంటుంది. విజిల్ మోగిందంటే చాలు, ఉలిక్కిపడి చస్తోంది."

ఆ సాయంత్రమే గార్డుల విజిల్స్ అన్నీ డైరెక్టర్ సొరుగులోకి చేరాయి.

"జనం రావడం లేదు కదా?" అని ఇంకోరోజు అడిగింది.

"రాకపోవడమేంటండీ! చూసిపోదామని ఒకటే తాకిడి. వద్దనాలంటే మొహమాటం."

ఆమెకు ఒళ్లు మండింది. "మొహమాటమేంటి? మొహమ్మీదే తలుపెయ్యండి. నేను చెప్పానని చెప్పండి."

"మీ మాటగా చెప్పొచ్చాండీ?" కీపర్‌కి కొండంత అండ దొరికినట్టయింది.

ఆమె నేరుగా డైరెక్టర్ గదికెళ్లి నిలదీసింది. "అటు తొంగి చూస్తే ఒట్టు," అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

తర్వాత ఓ రోజు కీపర్ చేతికి కట్టుతో కనిపించాడు. దగ్గరికి తీసుకోబోతే కొరికిందట.

"ఆస్పత్రికెళ్లి ఇంజెక్షన్ చేయించుకోండి."

"దీనికాండీ?"

"రూలు రూలే."

చేయించుకున్నాడు. "మా ఆవిడ పడీపడీ నవ్విందండీ," అని మాత్రం చెప్పాడు.

నెలాఖరు దగ్గర పడుతోంది. డైరెక్టర్ అద్దాల ధరలు కనుక్కుంటున్నాడు. డిజైనర్‌కి అన్నం సహించడం లేదు.

"ఓ తెర కట్టండి," అంది కీపర్‌తో. "దాని సందులోంచి ముందు అది మిమ్మల్ని చూడాలి. మీరు చూడొద్దు. పిలవొద్దు. బుజ్జగించొద్దు. అటు తిరిగి మీ పనేదో మీరు చేసుకోండి."

"అంతేనాండీ?"

"అంతే. అన్నట్టు, నిలబడితే ఎంత ఎత్తుంటుంది?"

"నా నడుం దాకా వస్తుందండీ."

నమూనాలోని బుల్లి గోడకు ఆ ఎత్తునే ఓ సందు కోసింది.

నెలాఖరు రేపనగా కీపర్ పరుగున వచ్చాడు. కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. ఆమె అతన్ని అలాగే డైరెక్టర్ ముందు నిలబెట్టింది.

"పొద్దున పేపరు చదువుకుంటున్నానండీ. తెర చాటు నుంచి తనంతట తనే వచ్చింది. నా వీపుకి ఆనుకుని కూర్చుంది. కదిలితే పోతుందేమోనని టీ చల్లారిపోతున్నా తాగలేదండీ."

డైరెక్టర్ కళ్లజోడు తీశాడు. "వీపుకా?"

"వీపుకేనండీ."

అద్దాల ఆర్డరు కూడా సొరుగులోకి వెళ్లింది, విజిల్స్ పక్కకి.

గోడ లేచింది. తడి ఆరిన రోజున, ఎలుగు పిల్లను కొత్త చోటికి మార్చడం చూద్దామని డిజైనర్ మొదటిసారి షెడ్డు దగ్గరికి వెళ్లింది. అప్పటికే అక్కడ కీపర్ ఉన్నాడు. షెడ్డు ముందు దుమ్ము కొట్టుకుపోయిన లారీ ఒకటి ఆగి ఉంది.

"అక్కడి డాక్టరు సంతకం పెట్టక ఇన్నాళ్లూ ఆగిపోయాం మేడం," అన్నాడు డ్రైవర్, దిగుతూనే. "ఎలుగు పిల్లని ఎక్కడ దించమంటారు?"

ఆమె మెల్లగా కీపర్ వైపు తిరిగింది. అతని వెనక నుంచి, సరిగ్గా నడుం ఎత్తున, రెండు కళ్లు అప్పటికే ఆమెను చూస్తున్నాయి.

"ఈవిడేనమ్మా, వచ్చేపోయేవాళ్లెవరూ నిన్ను తేరిపార చూడకూడదన్న మేడం గారు," అన్నాడు కీపర్, ఒకటో తారీఖున అనాథాశ్రమం నుంచి తెచ్చుకున్న కూతురితో, ముందుకు రమ్మని పిలవకుండానే.