ఒక్క దగ్గు

"దగ్గన్నా. ఒక్కసారి దగ్గితే నేను వెళ్ళిపోతాను."

నర్సు తలగడను బస్సు డ్రైవరు గుండెలకు ఆనించింది. అతను మూతి బిగించుకుని గోడవైపు తల తిప్పుకున్నాడు. పొద్దున సడన్ బ్రేకు వేసినప్పుడు స్టీరింగు ఛాతీకి గుద్దుకుని నాలుగు పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తి చుట్టూ గాలీ నెత్తురూ చేరితే డాక్టరు పక్కలోంచి గొట్టం వేశాడు. దాని రెండో కొస మంచం కింద నీళ్ళ సీసాలో ఉంది.

"ప్రాణం పోతోంది సిస్టర్. గట్టిగా కట్టు కట్టి వదిలెయ్యండి."

"కట్టు కడితే ఊపిరాడదు. దగ్గకపోతే కఫం పేరుకుని న్యుమోనియా పట్టుకుంటుంది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాంగా, ఇంకా ఏం మొండితనం?"

ముగ్గురు బతిమాలినా వినని మనిషి. నర్సు కాలుగాలిన పిల్లిలా మంచం చుట్టూ తిరిగింది. సరిగ్గా ఉన్న దుప్పటినే మళ్ళీ సర్దింది.

ఆయా గుమ్మంలోంచి తొంగిచూసింది. "బండి వచ్చి గంటయింది. మీ తమ్ముడు మళ్ళీ అడుగుతున్నాడమ్మా."

"పది నిమిషాలు ఆగమను."

"ఇందాకా అదే మాటన్నారు. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు మీరు."

గుమ్మం అవతల బల్ల మీద సొట్టపోయిన క్యారేజీ మూత తియ్యకుండా అలాగే ఉంది. నర్సు అటు చూడలేదు.

డ్రైవరు గోడతోనే మాట్లాడాడు. "సైకిలు అడ్డొస్తే బ్రేకు తొక్కాను. నా వెనక సీట్లో పెద్దావిడ క్యారేజీ పట్టుకుని దిగడానికి అప్పుడే లేచింది. ఎగిరి ముందుకొచ్చి పడింది. ఆవిడ సంగతి చెప్పండి, అప్పుడు దగ్గుతా."

నర్సు సీసా పక్కన చతికిలబడింది. గొట్టం కొస నీళ్ళలో మునిగి ఉందో లేదో చూసింది.

"ఇంటికి తీసుకెళుతున్నారు," అంది.

"నిజంగానా? నన్ను తిట్టుకుంటోందా?"

"లేదు. ఆవిడ అలాంటి మనిషి కాదు."

"మీకెలా తెలుసు?"

"పొద్దున మాట్లాడాను కదా."

డ్రైవరు కళ్ళు నిండాయి. తలగడను రెండు చేతులా హత్తుకుని దగ్గాడు. సీసాలో బుడగలు లేచాయి. నొప్పికి మూలిగి, ఇంకోసారి దగ్గాడు.

"శభాష్. గంటకోసారి ఇలాగే దగ్గాలి. మాటివ్వు."

"ఇచ్చాను సిస్టర్."

ఆమె చేతులు కడుక్కుంది. పెద్ద సిస్టరుకు మందుల చీటీ అప్పగించింది.

సొట్టపోయిన క్యారేజీ గుండెలకు హత్తుకుని, మార్చురీ ముందు బండిలో ఉన్న అమ్మ దగ్గరికి నడిచింది.