పదహారో డబ్బా

పద్మలత బ్యాగులో నాలుగు చీరలు సర్దింది. అయిదోదాన్ని మడతపెట్టే ఓపిక లేక అలాగే కుక్కింది. జిప్పు పడలేదు. మోకాలు ఆనించి లాగింది.

"మూడింటి ప్యాసింజరుకు నెక్కొండ తల్లిగారింటికి పోతాన. ఈసారి తీస్కపోనీకి రాకు" అంది, తలెత్తకుండానే.

ఆమె మొగుడు భానుచందర్ గుమ్మంలో స్కూటర్ తాళం తిప్పుతూ నిలబడ్డాడు. "మీ నాయినకు మంచిగైంది కద. ఇంకేంది?"

"మా నాయినకు మంచిగైంది. ఆయన దవాఖానల పడ్డడని మీ డిపోకు ఫోనొస్తే, నాకు నాలుగొద్దులకు చెప్పినవ్ సూడు, అది మంచిగ్గాలే. అడిగితే యాది మర్సిన అంటవ్. నీకు యాదుండేది ఏంది అసలు?"

భానుచందర్ స్టేషను దగ్గర సినిమా డిపోలో చెకర్. ఊళ్లలోని థియేటర్ల నుంచి తిరిగొచ్చిన ప్రతి ఫిల్ము పెట్టెనూ విప్పి, ఒక్కో రీలునూ చక్రానికెక్కించి తిప్పి, ఎక్కడ తెగిందో, ఎక్కడ అతికించాలో, ఏ డబ్బాలో ఏ రీలుందో చూసి చీటీ మీద సంతకం పెట్టాలి. అతను డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపేవాడు. లోపల చప్పుడైతే రీలున్నట్టే. సంతకం పెట్టేసేవాడు.

"ఒక్క ముచ్చట ఇను" అన్నాడు. "మార్నింగ్ షో సూసి పో. పాత సినిమానే, నేను సూసిన. అండ్ల ఆమె గూడ నీ లెక్కనే మొగని మీద అలిగి పోతది. ఆకర్ల ఏం చేస్తదో సూడు. సూసినంక గూడ పోత అంటే నేనే బండెక్కిస్త."

"సినిమా సూపిచ్చి సంసారం నిలబెడ్తవా?"

"నాకు మాట్లాడొస్తే డిపోల ఎందుకుంట పద్మా?"

బండికి ఇంకా అయిదు గంటల టైముంది. అంతసేపూ ఇంట్లో ఎదురెదురుగా కూర్చోవడం కంటే అదే నయమనిపించింది ఆమెకు.

థియేటర్ బాల్కనీలో బ్యాగు ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. తెర మీద మొదటి నుంచీ వానే. నిలువునా గీతలు. పాట పల్లవిలోంచి చరణం మధ్యలోకి దూకింది. హీరోయిన్ ఏదో చెప్పబోయి నోరు తెరిచింది, మాట బయటికి రాకముందే ఆస్పత్రి మంచం మీద పడుకుని ఉంది.

కింద నుంచి ఎవడో అరిచాడు. "ఏ డిపోరా ఇది? వాని కండ్లేడ వెట్టిండ్రా?"

"నిన్నే పిలుస్తాండ్రు. పలుకు" అంది పద్మలత.

"జర మెల్లగ. ఈడ ఆపరేటర్ మనోడే. ఇంటే ఇజ్జత్ పోతది."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. ఇంటర్వెల్లో అతను తెచ్చిన సమోసా వద్దంది గాని, ఆట మళ్లీ మొదలయ్యాక చీకట్లో తినేసింది. సినిమాలో మొగుడు నోరు విప్పడు, పెళ్లాం ఓపిక పట్టదు. బ్యాగు పట్టీ మీద పద్మలత పిడికిలి ఎప్పుడు సడలిందో ఆమెకే తెలియదు. తెర మీద ఆమె తలుపు దగ్గరగా వేసి, వెనక్కి చూడకుండా బస్సెక్కింది. బస్సు దుమ్ములో కలిసిపోయింది.

"మల్ల వస్తదా?" అని మెల్లగా అడిగింది.

"సూడు నువ్వే. గిప్పుడే" అన్నాడు భానుచందర్. కుర్చీ అంచుకు జరిగాడు.

తెర మీద సముద్రం వచ్చింది. ఎవరో మీసాలాయన ఎనిమిది మందిని ఒకరి తర్వాత ఒకరిని నీళ్లలోకి విసిరేస్తున్నాడు. హాలంతా ఈలలు, కేకలు. లైట్లు వెలిగాయి.

ఆపరేటర్ సదానందం ప్రొజెక్టర్ గదిలోంచి బయటికొచ్చి, భానుచందర్‌ను చూడగానే నెత్తి కొట్టుకున్నాడు. "ఉన్నవా భానన్నా! ఆకరి పదహారో డబ్బల ఏం పెట్టి పంపినవే? ఇది వేరే సినిమా రీలు. చీటీ మీద నీ సంతకమే ఉన్నది."

భానుచందర్ మొహం పాలిపోయింది. "నిన్న రెండు పెట్టెలు ఒక్కపారే ఇప్పిన. మారినట్టున్నయి. అసలుది డిపోల నా టేబుల్ మీదనే ఉండాలె." మాట సదానందంతో, చూపు పద్మలత మీద.

"ఆమె ఏం చేస్తదో నోటితోని చెప్పు, చాలు" అంది పద్మలత.

"నా నోటి మాట నమ్ముతవా?"

పద్మలత అతని వంక చూసింది. ఇన్నేళ్లలో దేనికోసమూ ఇంతగా కంగారు పడినవాడు కాదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆమె ఒళ్లోని బ్యాగును కుర్చీ కిందికి నెట్టింది.

"నమ్ముత తియ్యి. పా, ఇంటికి పోదాం. ఆకలైతాంది."

"నువ్వు కూసో. ఒక్క పనన్న నన్ను సక్కగ చేయనియ్యి. రీలు తెస్త, నువ్వు సూస్తవ్, అప్పుడు పోదాం ఇంటికి. సదానందం, పావుగంట ఆపు."

"పావుగంట దాటితే కుర్చీలు ఇరగ్గొడ్తరే అన్నా! వదినా, నువ్వన్న చెప్పు."

"పోనియ్యి. ఇన్నేండ్లకు ఒక పని మీద మనసు వెట్టిండు" అని నవ్వింది పద్మలత.

అతను రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయాడు.

సగం మంది చాయ్ కోసం బయటికి పోయారు. మిగిలినవాళ్లు కాళ్లతో నేల తన్నుతూ కూర్చున్నారు. కింద ఫ్యాన్లు తిరగడం లేదని ఒకావిడ బాల్కనీలోకి వచ్చి, పద్మలత పక్క కుర్చీ మీద చెయ్యి వేసింది.

"ఎవలన్న ఉన్నరా చెల్లే?"

పద్మలత గబగబా తన కర్చీఫు తీసి ఆ కుర్చీలో పరిచింది.

"మనిషున్నడక్కా. మా ఆయన వస్తాండు."

2006 నవంబరు 17, శుక్రవారం, మధ్యాహ్నం రెండుంబావుకు థియేటర్ మెట్లు దిగిన భానుచందర్, రీలు తీసుకుని వస్తూ పోచమ్మ మైదాన్ దగ్గర లారీ కింద పడ్డాడు, మళ్లీ రాలేదు.