కోటు లేని మనిషి

తలుపు చప్పుడైంది.

కొండ మీది కర్రింట్లో నవల చదవడం ఆగింది. ఏటా ఈస్టర్ సెలవులకు కొత్త హత్య నవల తెచ్చుకోవడం, ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు నారింజలు ఒలుచుకుంటూ వినడం తోరా ఇంటి అలవాటు. ఈసారిది ఇన్‌స్పెక్టర్ బ్రెక్కే హంతకుల్ని పట్టుకునే వరసలో ఇరవై రెండో నవల. తోరా భర్త హల్వార్ మర్నాడు వస్తానన్నా, ఆగలేక మొదలుపెట్టేశారు.

"ఎవరు?" అంది తోరా.

"కింద లోయలో ఒకాయన పడిపోయాడమ్మా. కాలు విరిగింది. ఒక్కణ్ణే లాగలేకపోతున్నా. మంచు మీద లాగే బండి ఇచ్చి, ఒకరు తోడు రండి."

తోరా తమ్ముడు ఈవర్ నవ్వాపుకోలేకపోయాడు.

"అక్కా, నాలుగో నవల. అచ్చం ఇవే మాటలు. తలుపు తీసినవాడే మొదట చచ్చాడు."

"పడ్డాయన పేరేంటి?" తోరా అడిగింది.

"తెలీదమ్మా. స్పృహలో లేడు."

"చూశావా, పేరు చెప్పలేడు," అన్నాడు ఈవర్.

అతని భార్య సున్నివా కిటికీ అద్దం తుడిచి చూసింది.

"వదినా, ఒంటి మీద కోటు లేదు. ఉత్త స్వెట్టరే. ఇంత తుఫానులో కోటు లేకుండా ఎవరొస్తారు?"

"రక్తం అంటిందని పారేసుంటాడు. తొమ్మిదో నవల," అన్నాడు ఈవర్.

బ్రెక్కే కూడా ఇంత త్వరగా తేల్చేవాడు కాదు.

మంచు తుఫానులో కొండ మీద ఏ తలుపుకీ గడియ పెట్టరు, దారి తప్పినవాళ్లు లోపలికి రావాలని. తాతల నాటి కట్టుబాటు. తోరా లేచి గడియ పెట్టింది. భయం కొంత, సరదా ఎక్కువ.

ఆ చప్పుడు బయటికి వినపడింది.

"మనిషి పోతాడమ్మా. బండి ఒక్కటైనా ఇవ్వండి."

"ఆ కథ మేం చదివేశాం," ఈవర్ అరిచాడు. "ఇంకోటి చెప్పు."

తలుపు మీద గుద్దులు పడ్డాయి. తర్వాత అరచేతి దెబ్బలు. తర్వాత గాలి హోరు ఒక్కటే.

"తప్పు చేశామేమో," అంది తోరా.

"చదువు వదినా. చంపిందెవరో తేలేదాకా నాకు ప్రాణం ఆగదు," అంది సున్నివా.

తోరా చదివింది.

తెల్లవారి తుఫాను తగ్గాక తలుపు తీస్తే, మెట్ల కింద అతను కొయ్యబారి ఉన్నాడు.

"కోటు లేకుండా కొండెక్కితే ఇంతే మరి," అన్నాడు ఈవర్. శవాన్ని కట్టెల కొట్టంలోకి ఈడ్చి, సహాయక దళానికి ఫోన్ చేశాడు.

వాళ్లు దారిలోనే, లోయలో ఒక మంచు గోతిలోంచి ఇంకొకరిని తీసి మోసుకొచ్చారు. కాలు విరిగింది కానీ ప్రాణం ఉంది.

హల్వార్.

తోరా పరుగెత్తుకెళ్లి అతని చెయ్యి పట్టుకుంది. అతని ఒంటి మీద రెండు కోట్లున్నాయి. పైది అతనిది కాదు.

"ఒకరోజు ముందే బయల్దేరా," అన్నాడతను నీరసంగా. "ఎవరో పాపం, గాలి తగలకుండా మంచులో గొయ్యి తవ్వి నన్నందులో పెట్టి, తన కోటు విప్పి నాకు తొడిగాడు. అప్పుడొక్క క్షణం తెలివొచ్చింది కానీ నోరు పెగల్లేదు. ఆ దీపం కనిపించే ఇంట్లో మనుషులుంటారు, తీసుకొస్తానన్నాడు."

ఈవర్ కట్టెల కొట్టం వైపు చూడలేదు.

హల్వార్ తల కాస్త ఎత్తి వాకిలి వైపు చూశాడు.

"ఆయన్ని లోపల వెచ్చగా పడుకోబెట్టారు కదా?"