సరిపోయే కార్డు

సెంగమలం ఒళ్ళో ఉన్న కార్డును చూడగానే, దాన్ని ఆ ఇంట్లోంచి ఎలా దాటించాలా అని సుధాకరన్ ఆలోచనలో పడ్డాడు.

మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు. ఇటుకకన్నా పొడవు, ఇంచుమించు అంత బరువు. నెహ్రూ వీధి పక్క సందులో కంప్యూటర్ల రిపేరు షాపు పెట్టినప్పటి నుంచి అలాంటిదాన్ని పెద్ద పెద్ద షోరూముల అద్దాల వెనక చూడటమే తప్ప చేత్తో ముట్టుకున్నది లేదు. అలాంటిది మూలకుళంలో, రిపేరుకని తనను ఇంటికి పిలిపించిన ఈ పెద్దావిడ దాన్ని కూరగాయల పళ్ళెంలాగా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మా అన్న కొడుకు చెన్నై నుంచి తెచ్చిచ్చినాడు నాయనా. మా మనవరాలు కవిప్రియ కంప్యూటర్లో చీరలకు డిజైన్లు ఏస్తాది. బొమ్మ కొంచెం పెద్దదైతే చాలు, మిషన్ అట్నే నిలిచిపోతాది. ఇది పెడితే పరిగెత్తుతాదని చెప్పినాడు. పెట్టబోతే లోపలికి పట్టేదే లేదు. ఏంది చేసేది?" అంది సెంగమలం.

సుధాకరన్ కంప్యూటర్ ముందు చతికిలబడి మూత తీశాడు. కంపెనీవాళ్ళే బిగించి అమ్మిన సన్నటి నల్ల పెట్టె. ఆఫీసుల్లో అరిగిపోయి, చివరికి ఇళ్ళకు చేరే రకం. అలాంటివి తన చేతిమీదుగా ఎన్ని పోయాయో అతనికే గుర్తులేదు. సగం ఎత్తు కార్డయితేనే అందులో పడుతుంది. పవర్ సప్లై చిన్నది. పెద్ద కార్డుకు తగిలించాల్సిన విడి వైరు అందులో లేనే లేదు. పోనీ సప్లై మారుద్దామన్నా, ఈ కంపెనీ ప్లగ్గు బయట దొరికేవాటితో కలవదు.

"ఒకతూరి పక్కన పెట్టి, ఎట్నో వైరు ఇచ్చి చూస్తావా?" అంది సెంగమలం.

"అయ్యో అత్తా, ఆ పని మాత్రం చేయొద్దు! మిషన్ మొత్తం కాలిపోతాది. ఈ కార్డు మీకు ఎందుకూ పనికిరాదు."

అందులో సగం నిజమే. మిగతా సగం గురించి అతను లోపల్లోపల నవ్వుకుంటున్నాడు.

"మరి దీనికి ఏది సరిపోతాది?"

"సగం ఎత్తుది కావాల. వేరే వైరు అడగకుండా, స్లాట్‌లో వచ్చే కరెంటుతోనే నడిచేది."

పక్కనే నిలబడ్డ కవిప్రియ అందుకుంది. "నా డిజైన్లకు కార్డులో నాలుగు జీబీ మెమరీ అయినా ఉండాల అన్నా. అట్లాంటిది మీ దగ్గర ఉండాదా?"

ఉంది. షాపు సొరుగులో ఒకే ఒకటి ఉంది. ఆ సొరుగులో సరుకంతా ఒక్క దారిలోనే వచ్చింది. రిపేరుకొచ్చిన మిషన్‌లో మంచి కార్డు కనిపిస్తే చాలు, "కాలిపోయిందమ్మా" అని మొహం దిగులుగా పెట్టేవాడు సుధాకరన్. తెచ్చినవాళ్ళు అయ్యో అనుకుని, ఖాళీ పెట్టె మోసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

"ఒకటుంది. నా సొంతానికని దాచుకున్నా," అన్నాడు గొంతు తగ్గించి. "పాప పని ఆగకూడదు కదా, ఇచ్చేస్తా. ఈ పెద్దది నేను తీసుకుపోయి యాడన్నా పారేస్తా."

"పారేస్తావా? తెచ్చినోడు అడిగితే?"

"సరిపోలేదు, మార్చుకున్నామని చెప్పండి."

సెంగమలం కాసేపు కార్డు వైపు, కాసేపు అతని వైపు చూసింది. "నాకేం తెలుసు నాయనా, నువ్వు చెప్పేదే," అని ఒప్పుకుంది.

ఆవిడ మనసు మారకముందే సుధాకరన్ బండి మీద షాపుకు పోయి, చిన్న కార్డు తెచ్చి బిగించాడు. కవిప్రియ మొదట వంగి, సెల్‌ఫోన్ లైటు వేసి లోపల కార్డును పరీక్షగా చూసింది. తర్వాత డిజైన్ తెరిచింది. నెమళ్ళ అంచు తెర నిండా పరుచుకుంది. పెద్దది చేసినా, చిన్నది చేసినా ఎక్కడా ఆగలేదు. ఆ అమ్మాయి అవ్వను వాటేసుకుని గిరగిరా తిప్పేసింది. ఆ సంబరం చూస్తుంటే, తాను నిజంగానే ఏదో పుణ్యం చేసినట్టు అనిపించింది సుధాకరన్‌కు. పెట్టిన మురుకులన్నీ తిని, కాఫీ తాగి, పెద్ద కార్డును తువ్వాలులో చుట్టుకుని ఈల వేసుకుంటూ బయటపడ్డాడు.

షాపు షట్టర్ సగం దించి, కార్డును తన మిషన్‌కు తగిలించాడు. ఫ్యాన్లు మూడూ తిరిగాయి. రంగురంగుల లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

కేబుల్ మార్చాడు. స్లాట్ మార్చాడు. ఊహూఁ. చివరికి చెమటలు తుడుచుకుంటూ స్క్రూలు విప్పాడు. ఫ్యాన్ల కింద, అసలు చిప్పు ఉండాల్సిన చోట నున్నగా ఖాళీగా ఉంది. ఎవడో దాన్ని ఎప్పుడో పెరికేశాడు.

పాపం చెన్నైలో ఆ అన్న కొడుకును ఎవడో ముంచాడు అనుకున్నాడు ముందు. ఆ వెంటనే, మునిగింది తనేనని తెలిసొచ్చింది. పోయి అడుగుదామంటే ఏమని అడగాలి? పనికిరాదు, పారేస్తానని చెప్పింది తనే కదా!

అంతలో ఫోన్ మోగింది. సెంగమలం. గొంతులోకి నవ్వు తెచ్చుకున్నాడు. "చెప్పండత్తా, కార్డు బాగా పనిచేస్తోందా?"

"బలే పనిచేస్తా ఉండాది నాయనా. నువ్వు దాన్ని యాడ అమ్మేసినావో ఏమోనని బయపడినాం, సొరుగులోనే ఉంచినావు, చల్లగా ఉండు. ఆ పెద్దదాంట్లో చిప్పు కోసం మాత్రం ఎదకొద్దు, కవిప్రియ పాత సామాన్ల అంగట్లో ఏరుకొచ్చింది అది."

"దాన్ని అంటే... దేన్నత్తా?" అన్నాడు సుధాకరన్.

"ఆ మిషన్ మాది కాదు నాయనా, తేంగాయితిట్టులో ఉండే మా పొన్నమ్మాళ్ వదినది, పోయినేడు నీ అంగడికి తెస్తే, కాలిపోయిందని నువ్వు పెరికి పెట్టుకున్న కార్డునే ఈ పొద్దు నీ చేత్తోనే మళ్ళా దాంట్లో పెట్టిపోయినావు."